రెండో కుర్చీ

ఫుట్‌బాల్ జట్టులో పెద్ద కోచ్ పక్కన ఇంకో మనిషి కూర్చుంటారు. ఇంగ్లండులో ఆ మనిషిని అసిస్టెంట్ మేనేజర్ అంటారు. మేముంటున్న అమెరికాలో అసిస్టెంట్ కోచ్ అంటారు. తెలుగు పేపర్లలో సహాయ కోచ్ అని కూడా రాస్తారు. మా అమ్మ మాత్రం "సర్దారు" అంటుంది.

ఫీజీ వాళ్లకి ఈ మాట చెప్పనక్కర్లేదు. మారిషస్ వాళ్లు, డర్బన్ వాళ్లు కూడా తాతల నోట వినే ఉంటారు. మలయా తోటల్లో అతన్ని కంగాణీ అన్నారు, బర్మా వెళ్లిన తెలుగువాళ్లు మేస్త్రీ అన్నారు. పేరు ఏదైనా మనిషి ఒక్కడే. చెరకు తోటకి పైన తెల్ల ఓవర్సీరు ఉండేవాడు. ఫీజీలో మనవాళ్ల నోట్లో అతను "కులంబర్" అయ్యాడు. అతని కింద, మనలోంచే ఏరి పెట్టుకున్న మనిషి సర్దారు. తెల్లవారకముందే కూలి లైన్ల దగ్గరికి వచ్చి అందర్నీ లేపేది అతనే. ఎవరు ఏ వరస కొట్టాలో చెప్పేది అతనే. సాయంత్రం ఎవరి పని పూర్తయింది, ఎవరిది కాలేదు అని కులంబర్‌కి చెప్పేదీ అతనే. ఇచ్చిన టాస్క్ అంతా పూర్తి చేస్తే మగవాడికి రోజుకి ఒక షిల్లింగు, ఆడమనిషికి 9 పెన్నీలు. పూర్తి కాలేదని సర్దారు అంటే కూలి పోయేది. కొన్నిసార్లు కోర్టుకి కూడా ఈడ్చేవాళ్లు.

అందుకే మా అమ్మాయికి అసిస్టెంట్ కోచ్ పని వచ్చిందని చెప్పినప్పుడు, 81 ఏళ్ల మా అమ్మ సంతోషించలేదు.

మాది శాక్రమెంటో. ఇక్కడ ఫీజీ వాళ్లం చాలామంది ఉన్నాం. హేవర్డ్, మోడెస్టో వైపు కూడా ఉన్నారు. 1987లో ఫీజీలో సైన్యం రెండుసార్లు ప్రభుత్వాన్ని పడగొట్టాక వచ్చిన కుటుంబాలు ఎక్కువ. మేమూ అప్పుడే వచ్చాం. వచ్చినవాళ్లు ముందు గుడి పెట్టుకున్నారా, ఫుట్‌బాల్ జట్టు పెట్టుకున్నారా అంటే, మా వీధిలో జట్టే ముందు. అందులో ఆశ్చర్యం లేదు. ఫీజీలో మనవాళ్లు 1938లోనే ఫీజీ ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ పెట్టుకున్నారు. జిల్లాల మధ్య పోటీలు ఆ ఏడాదే మొదలయ్యాయి. 1961లో పేరులోంచి "ఇండియన్" తీసేసి అన్ని జాతుల వాళ్లకీ తలుపు తెరిచారు. సంగం వాళ్లు ఈస్టర్ సమావేశం పెడితే అక్కడ కూడా ఫుట్‌బాలే. ఇక మా అమ్మది బా. బా వాళ్లకి ఫుట్‌బాల్ పిచ్చి అని మిగతా ఊళ్ల వాళ్లు అంటారు. బా వాళ్లు కాదనరు.

మా ఆదివారం క్లబ్బు కూడా అలాగే పుట్టింది. మొదట అంతా ఫీజీ వాళ్లే. ఇప్పుడు సగం మందే మేము. ఫీజీ మూలవాసుల కుర్రాళ్లు ఉన్నారు, మెక్సికో వాళ్లు ఉన్నారు, ఈ మధ్య కంప్యూటర్ ఉద్యోగాలకి హైదరాబాదు నుంచి వచ్చిన ఇద్దరు కూడా చేరారు. ఆ ఇద్దరి తెలుగుకీ మా తెలుగుకీ మధ్య నూరేళ్ల దూరం ఉంది. ఒకరినొకరు చూసి నవ్వుకుంటూ మాట్లాడుకుంటాం. పెద్ద కోచ్ మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం ఆయన, బడిలో లెక్కలు చెప్తారు.

2025 ఫిబ్రవరిలో సర్వసభ్య సమావేశం జరిగింది. అద్దె హాలు, మధ్యలో కావా గిన్నె, చుట్టూ మడత కుర్చీలు. గ్రౌండు అద్దె గురించి గంట మాట్లాడారు. జెర్సీల రంగు గురించి ఇంకో గంట. పాత అసిస్టెంట్ కోచ్ ఉద్యోగం మారి టెక్సాస్ వెళ్లిపోయారు కాబట్టి కొత్తవారు కావాలి అనే విషయం చివర్లో వచ్చింది. కోచ్ గారు లేచి మా అమ్మాయి పేరు చెప్పారు.

మా అమ్మాయికి 26 ఏళ్లు. కాలేజీ జట్టులో ఆడింది. 21వ ఏట మోకాలి లిగమెంటు తెగింది. రెండు ఆపరేషన్లయ్యాక ఆట మానేసింది. ఆ తర్వాత యు.ఎస్. సాకర్ వాళ్ల డి లైసెన్సు తీసుకుని చిన్నపిల్లలకి నేర్పుతోంది. జీతం లేదు, పెట్రోలు డబ్బులు ఇస్తారు. ఒక పెద్దాయన "నలభై ఏళ్ల మగాళ్లకి ఈ పిల్ల ఏం చెప్తుంది?" అన్నారు. కోచ్ గారు "నాకు తెలియనివి చెప్తుంది" అన్నారు. చేతులెత్తమంటే 19 చేతులు లేచాయి. అంతటితో అయిపోయింది.

ఇంట్లో అయిపోలేదు.

"ఎందుకే నీకు ఈ సర్దారు పని?" అంది అమ్మ. మా అమ్మాయి నవ్వి, "అమ్మమ్మా, ఇది చెరకు తోట కాదు" అంది. అమ్మ నవ్వలేదు. "పైవాడు చెప్పింది కిందవాళ్లకి చెప్పాలి. కిందవాళ్లు చేసింది పైవాడికి చెప్పాలి. అంతేనా?" అని అడిగింది. మా అమ్మాయి కొంచెం ఆలోచించి, "అదీ ఉంది" అని ఒప్పుకుంది.

అప్పుడు అమ్మ ఒక కథ చెప్పింది. నాకు 58 ఏళ్లు. ఆ కథ నేను అంతవరకు వినలేదు.

అమ్మ వాళ్ల తాత విశాఖపట్నం జిల్లా నుంచి మద్రాసు వెళ్లి ఓడ ఎక్కాడు. మద్రాసు నుంచి ఫీజీకి ఓడలు 1903లో మొదలయ్యాయి. ఈయన ఆ తర్వాత కొన్నేళ్లకి వచ్చాడు. గిర్మిట్ ఐదేళ్లు. ఇది మా అందరికీ తెలిసిన కథే. తెలియనిది ఏమిటంటే, మూడో ఏడు ఆయన్ని సర్దారుని చేశారు. లైన్లలో మాట్లాడే హిందీ త్వరగా పట్టుకున్నాడు, తెలుగువాళ్లకి వాళ్ల భాషలో చెప్పగలడు. కులంబర్‌కి అలాంటి మనిషి కావాలి.

"ఎవర్నీ కొట్టలేదని ఇంట్లో అనేవాళ్లు. కొట్టేవాడని బయట అనేవాళ్లు," అంది అమ్మ. "నాకు తెలిసింది ఒక్కటే. ఒకావిడ బిడ్డకి జ్వరం వచ్చి పొద్దున ఆలస్యంగా వచ్చింది. ఈయన ఆమె పేరు పైకి చెప్పాడు. కోర్టులో జరిమానా వేశారు."

గిర్మిట్ అయిపోయాక ఈయన రారవాయి చక్కెర మిల్లు దగ్గర కౌలు పొలం తీసుకున్నాడు. ఆవిడ కుటుంబం పొలం కూడా ఆ పక్కనే. ఫీజీలో మిగిలిన గిర్మిట్లన్నీ 1920 జనవరి 1న రద్దయ్యాయి. ఈయన 1955లో పోయాడు. మధ్యలో 35 ఏళ్లు. అమ్మకి అప్పుడు 11 ఏళ్లు. పాడె మోయడానికి నలుగురు కావాలి కదా. పాడె అంటే శవాన్ని తీసుకెళ్లే వెదురు కట్టు, ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు. కొడుకులు ఇద్దరు, అల్లుడు ఒకడు. నాలుగో భుజం దొరకలేదు. పక్క పొలం వాళ్లు గడప దాటలేదు. చుట్టుపక్కల తెలుగువాళ్లెవరూ రాలేదు. చివరికి దగ్గరి ఊరి ఫీజీ ఆయన ఒకాయన, తాత దగ్గర చెరకు ముక్కలు పుచ్చుకునేవాడట, వచ్చి పట్టుకున్నాడు.

"మీ నాన్నకి కూడా చెప్పలేదు," అంది అమ్మ నా వైపు చూసి. మా నాన్న పోయి పన్నెండేళ్లయింది.

ఆ రాత్రి మా అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. నేను అనుకున్నాను, ఈ పిల్ల ఇంక ఆ పని వద్దంటుందని. రెండు రోజుల తర్వాత ఫోను పట్టుకుని అమ్మమ్మ పక్కన కూర్చుంది. అమ్మమ్మకి కథ ఉంటే తనకీ కథలున్నాయి అంది.

మొదటిది అమెరికా కథే. మేజర్ లీగ్ సాకర్ 1996లో మొదలైంది. మొదటి రెండేళ్లూ కప్పు డీసీ యునైటెడ్‌దే. కోచ్ బ్రూస్ అరీనా, ఆయన కింద అసిస్టెంట్ బాబ్ బ్రాడ్లీ. 1998లో షికాగో ఫైర్ అని కొత్త జట్టు పుట్టింది. వాళ్లు బ్రాడ్లీని పెద్ద కోచ్‌గా తీసుకున్నారు. ఆ ఏడాది ఫైనల్లో షికాగో ఎవరితో ఆడింది? అరీనా గారి డీసీ యునైటెడ్‌తోనే. 2-0తో షికాగో గెలిచింది. 

"అంటే కులంబర్ మీదే గెలిచాడా?" అంది అమ్మ. అప్పటికి ఆమె కొంచెం ముందుకి వంగి కూర్చుంది.

రెండోది విల్ఫ్రీడ్ నాన్సీ కథ. ఫ్రాన్సు మనిషి. మాంట్రియల్ క్లబ్బులో 2016 నుంచి అసిస్టెంటు. పెద్ద కోచ్‌లు వచ్చారు, పోయారు, ఈయన అదే కుర్చీలో ఉన్నాడు. చివరి పెద్ద కోచ్ ఎవరో తెలుసా, ప్రపంచమంతా తెలిసిన తియెరీ ఆన్రీ. 2021లో ఆన్రీ వెళ్లిపోతే క్లబ్బు ఆ పని నాన్సీకి ఇచ్చింది. తర్వాత ఆయన కొలంబస్ క్రూకి వెళ్లి 2023లో ఎం.ఎల్.ఎస్. కప్పు గెలిచాడు. అమ్మకి ఈ కథ అంత పట్టలేదు. "ఐదేళ్లు ఓపిక పట్టాడన్నమాట," అని వదిలేసింది.

మూడో కథకి మాత్రం అమ్మ పేరు దగ్గరే ఆగిపోయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికా ఆడవాళ్ల జట్టు బంగారు పతకం గెలిచింది. ఆగస్టు 10న ఫైనల్లో బ్రెజిల్ మీద 1-0. కోచ్ ఇంగ్లండు ఆవిడ ఎమ్మా హేస్. అసిస్టెంట్లలో ఒకరి పేరు డెనీస్ రెడ్డి.

"రెడ్డా? ఏ ఊరు వాళ్లు?"

ఫీజీ వాళ్లకి రెడ్డి అంటే ముందు జయరాం రెడ్డి గారు గుర్తొస్తారు, ప్రతిపక్ష నాయకుడు. అందుకని అమ్మ అడగడంలో తప్పులేదు. కానీ రెడ్డి అనే ఇంటిపేరు ఐర్లండ్‌లో కూడా ఉంది. మన రెడ్డికీ దానికీ చుట్టరికం లేదు, చెవికి మాత్రం ఒకటే. 1970ల్లో రేడియోలో పాడిన ఆస్ట్రేలియా ఆవిడ హెలెన్ రెడ్డి అమ్మకి బాగా గుర్తు. అప్పుడు కూడా మా ఊళ్లో ఈ ప్రశ్నే అడిగేవాళ్లట. పేరు చూసి ఊరు చెప్పలేం. మన పేర్లని ఓడ కాగితాల మీద గుమాస్తాలు ఇష్టం వచ్చినట్టు రాసుకున్నాక మనకైతే అసలు చెప్పలేం.

మా అమ్మాయి చెప్పదలచుకున్నది పేరు గురించి కాదు. 2009లో ఆడవాళ్ల కొత్త లీగ్ మొదలైనప్పుడు షికాగో రెడ్ స్టార్స్ అనే క్లబ్బు ఉండేది. కోచ్ ఎమ్మా హేస్, అసిస్టెంటు డెనీస్ రెడ్డి. 2010లో హేస్‌ని క్లబ్బు తీసేసింది. ఆవిడ ఇంగ్లండు వెళ్లి చెల్సీలో పెద్ద పేరు తెచ్చుకుంది. డెనీస్ రెడ్డికి 2018లో న్యూజెర్సీ వైపు స్కై బ్లూ అనే క్లబ్బులో పెద్ద కుర్చీ దొరికింది. ఆ ఏడాది 24 ఆటల్లో ఒక్కటే గెలుపు, 17 ఓటములు. 2019 మధ్యలో ఆ పని పోయింది. అలాంటి లెక్క పక్కన పేరున్న మనిషిని మళ్లీ ఎవరు పిలుస్తారు? 2024లో హేస్ అమెరికా జట్టు కోచ్‌గా వచ్చినప్పుడు, షికాగోలో తన పక్కన కూర్చున్న మనిషిని మళ్లీ పక్కన కూర్చోబెట్టుకుంది.

"పైకి చాడీలు చెప్పే మనిషైతే పిలిచేదా, అమ్మమ్మా?" అంది మా అమ్మాయి. 

"పైదానికి నచ్చింది సరే," అంది అమ్మ. "కిందవాళ్లని అడిగావా?"

ఈ ప్రశ్నకి నా దగ్గర కూడా జవాబు లేదు. నిజానికి అమ్మ పట్టుకున్నదే అసలు విషయం. అసిస్టెంట్ కోచ్ పైకి ఎదిగిన కథలు ఎన్నైనా దొరుకుతాయి. కింద ఉన్న ఆటగాడికి ఆ మనిషి ఎలా కనబడ్డాడు అనేది ఎవరూ రాయరు. సర్దారుల గురించి కూడా అంతే. కంపెనీ కాగితాల్లో మంచి సర్దారు అని ఉంటే, ఆ మంచి ఎవరికి మంచి?

మా అమ్మాయి ఒప్పుకుంది గానీ కోచ్ గారికి రెండు షరతులు పెట్టింది. ఆటగాళ్లు బాధ చెప్పుకుంటే విషయం ఆయనకి చెప్తుంది, పేరు చెప్పదు. రెండోది, ఎవరినైనా జట్టులోంచి పక్కన పెడితే ఆ మాట ఆయనే చెప్పాలి, ఆమె చేత చెప్పించకూడదు. ఆయన మొదటిదానికి వెంటనే సరే అన్నారు. రెండోదానికి తల గోక్కున్నారు. అలాంటి చెడ్డ కబుర్లు చెప్పడానికే చాలామంది కోచ్‌లకి అసిస్టెంట్లు కావాలి మరి.

ఆ షరతుకి పరీక్ష మా ఇంటికే వచ్చింది. మా గోల్‌కీపరు మా పిన్ని కొడుకు, నాకు తమ్ముడు, 41 ఏళ్లు. పదిహేనేళ్లుగా ఆ గోలు అతనిదే. మార్చిలో మూడు ఆటల్లో 9 గోల్స్ వెళ్లాయి. మా అమ్మాయి వీడియో చూసి, కార్నర్ కిక్కులకి మామయ్య అర సెకను ఆలస్యంగా లేస్తున్నాడని కోచ్‌కి చెప్పింది. హైదరాబాదు కుర్రాడిని పెట్టాలని ఇద్దరూ అనుకున్నారు. గురువారం ప్రాక్టీసు అయ్యాక కోచ్ గారే వెళ్లి చెప్పారు. మా అమ్మాయి పక్కన నిలబడింది. "వీడియో చూసింది నేనే, మామయ్యా," అని తన నోటితో చెప్పింది. వాడు మూడు వారాలు మా ఇంటికి రాలేదు. నాలుగో వారం వచ్చి, ఆ కుర్రాడికి చేతులు ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు, నేను చూపిస్తాను అన్నాడు. ఇప్పుడు గోల్‌కీపర్ల ప్రాక్టీసు వాడిదే. వాడి కోపం పూర్తిగా పోయిందని మాత్రం నేను చెప్పను.

అసిస్టెంట్ కోచ్ పని దగ్గరగా చూస్తే పెద్దగా గొప్పగా ఏమీ ఉండదు. అందరికంటే ముందు వచ్చి కోన్లు పెట్టాలి. వార్మప్ చేయించాలి. బంతుల్లో గాలి చూడాలి. అవతలి జట్టు కార్నర్లు ఎలా కొడుతుందో రాసుకోవాలి. ఆట మొదలయ్యాక ఎక్కువ మాట్లాడకూడదు కూడా. బెంచీ దగ్గర గీత గీసిన చోటులోంచి ఒక్కసారికి ఒక్కరే ఆటగాళ్లకి సూచనలు ఇవ్వాలని ఆట చట్టంలోనే ఉంది. కోచ్ నిలబడి అరుస్తుంటే రెండో మనిషి కూర్చుని ఆయన చెవిలో చెప్పాలి.

అమ్మని మే నెలలో ఒక ఆదివారం గ్రౌండుకి తీసుకెళ్లాను. లోడైలో ఆట. మడత కుర్చీ, గొడుగు, ఫ్లాస్కులో టీ. రెండో సగంలో రిఫరీ మాకు రావలసిన పెనాల్టీ ఇవ్వలేదు, లేదా మాకు అలా అనిపించింది. బెంచీలోంచి ఎవరో గట్టిగా ఒక మాట అన్నారు. ఏ మాటో ఇక్కడ రాయను. రిఫరీ విజిల్ వేసి వచ్చి, అన్నది ఎవరు అని అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు. అతను జేబులోంచి పసుపు కార్డు తీసి మా పెద్ద కోచ్‌కి చూపించాడు.

"ఆయన అనలేదు కదా!" అంది అమ్మ.

ఆయన అనలేదు. 2019 నుంచి చట్టం అలాగే ఉంది. బెంచీ దగ్గర ఎవరు తప్పు చేశారో తెలియకపోతే అక్కడున్న పెద్ద కోచ్‌కి కార్డు పడుతుంది. నేను అమ్మకి అదే చెప్పాను. 

"మరి అది," అని అమ్మ మా అమ్మాయి వైపు వేలు చూపించింది, "పేరు చెప్పలేదా? దానికి తెలుసుగా."

"తెలుసు."

"చెప్పమని వాళ్లాయన అడగలేదా?"

"అడగలేదమ్మా."

అమ్మ చాలాసేపు గ్రౌండు వైపే చూసింది. ఆట 1-1తో ముగిసింది. కారులో కూర్చున్నాక, "కిందవాడి తప్పు పైవాడి మీద పడటం నేను ఎక్కడా చూడలేదు," అంది. ఇంటికి చేరేలోపు ఇంకో రెండుసార్లు అదే మాట అంది. ఆ మాట అన్న కుర్రాడు సోమవారం కోచ్ గారికి ఫోను చేసి తనే చెప్పుకున్నాడట. మా అమ్మాయికి ఆ విషయం బుధవారం దాకా తెలియదు.

అమ్మ పిలుపు మారలేదు. ఇప్పటికీ సర్దారే. జట్టులో కుర్రాళ్లు ఆ మాట విని పట్టుకున్నారు. మెక్సికో వాళ్లు కూడా "సర్దార్, సర్దార్" అని పిలుస్తారు, ఏదో పెద్ద బిరుదు అనుకుని. అమ్మకి అది నచ్చదు. "అది నేను అనొచ్చు, మీరు అనకూడదు," అని తెలుగులోనే కోప్పడుతుంది. వాళ్లు తలూపుతారు.

ఆగస్టులో కోచ్ గారికి వేరే ఊరి బడిలో పని ఖాయమైంది. జనవరికి వెళ్లిపోతారు. కమిటీ వాళ్లు వచ్చి, పెద్ద కుర్చీ నువ్వు తీసుకుంటావా అని మా అమ్మాయిని అడిగారు. ఆమె ఇంకా అవునని గానీ కాదని గానీ చెప్పలేదు. తన పక్కన ఎవర్ని కూర్చోబెడతారు, ఆ మనిషిని ఎవరు ఎంచుకుంటారు అని మాత్రం అడిగింది. కమిటీ అన్నాక మేమే అన్నారు వాళ్లు. ఆటగాళ్లని కూడా అడగాలి అంది. దాని మీద సమావేశం వచ్చే నెల.